పియానోకు పొడవాటి వేళ్లే కావాలా?

సంపాదకులకు,

పొడవాటి వేళ్లుంటేనే పియానో అనేవారు పియానో విద్వాంసురాలు అలీసియా దె లారోచా (1923–2009) సంగతి తెలుసుకోవాలి. బార్సెలోనాలో పుట్టిన ఆమె ఎత్తు ఐదడుగులు కూడా లేదు. వయసులో ఉన్నప్పుడు పది తెల్లమెట్లు అందిన చేయి తర్వాత తొమ్మిదికి తగ్గింది. అయినా స్పెయిన్ స్వరకర్త అల్బేనిస్ పియానో కోసం రాసిన పన్నెండు భాగాల ‘ఇబేరియా’ అంటే ముందు ఆమె పేరే చెబుతారు.

అందులో అసలు కష్టం వేగం కన్నా ఇరుకు. రెండు చేతులూ ఒకే చోట, ఒకదానిపై ఒకటి ఆడాలి. ఒక చేయి నొక్కిన మెట్టు పైకి లేవకముందే రెండో చేతికి అదే కావలసి వస్తే స్వరం పలకదు. అలాంటి స్వరాన్ని ఖాళీగా ఉన్న చేతికి అప్పగించాలి; ఏ చేయి పైన, ఏది కింద అన్నది ముందే తేల్చుకోవాలి.

ఇక స్వరాలను మోగుతూ ఉంచే, కాలితో తొక్కే పెడల్. తొక్కిపట్టి ఉంచితే అంతా ముద్దయిపోతుంది, పూర్తిగా వదిలేస్తే మంద్రస్వరం తెగిపోతుంది. సగం వదిలితే డ్యాంపర్లు (మోతను ఆపే మెత్తని దిమ్మెలు) తీగల్ని తాకీ తాకనట్టు తాకుతాయి: సన్నతీగలు ఆగుతాయి, లావుతీగలు మోగుతూనే ఉంటాయి. ఆమె గురువు ఫ్రాంక్ మార్షల్, ఆయన గురువు గ్రనడోస్ ఇద్దరూ పెడల్ మీదే ప్రత్యేకంగా పాఠాలు రాసినవాళ్లు!

మార్షల్ 1959లో పోయాక ఆయన నడిపిన సంగీత విద్యాలయం బాధ్యత ఆమే తీసుకున్నారు. ఆమెను స్పెయిన్ సంగీతానికే కట్టేయడం మాత్రం అన్యాయం. మోజార్ట్‌నూ అంతే నిర్మలంగా వాయించారు.

– ఒక సంగీతాభిమాని