అమ్మ ఏకాదశి సంగతి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరాలకి జవాబు ఇవ్వలేదని ఎంత తిట్టుకున్నా పడతాను. ఇక్కడ అంతా మామూలే, నాన్న బీపీ మామూలే, బరంపురం ఎండ నీకు చెప్పక్కర్లేదు, సూరత్‌లో మాత్రం తక్కువా ఏంటి. అసలు సంగతి విను.

అమ్మ అక్క దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళింది, ఒక్కర్తే! బావ టికెట్ సరిగ్గా ఏకాదశి రోజుకే తీశాడు. అమ్మ ఏకాదశి పట్టు తెలుసుగా, ఆ రోజు మీ ఇంట్లో పకోడీ... సరే వద్దులే. ఢిల్లీలో తెల్లారుజామున నాలుగింటికి విమానం. పదిహేనున్నర గంటలు గాల్లో ఉండి, దిగేసరికి అక్కడ అదే తేదీ పొద్దున్న ఏడు. ఈ నెలల్లో వాళ్ళ గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక కదా. ఇంక చూస్కో ఇంట్లో గోల! అంటే మళ్ళీ మొదట్నుంచీ ఉపవాసమా?

ముందు మావయ్య ఆ పదిహేనున్నర గంటలే నమ్మలేదు. పిల్లల గ్లోబు తెప్పించి ఢిల్లీ నుంచి నూలు దారం లాగాడు. దారం తిన్నగా ఉత్తర ధ్రువం వైపుకి పోయింది! ఆ అడ్డదారి దాదాపు 12,400 కిలోమీటర్లు. కానీ 2016లో ఎయిర్ ఇండియా అట్లాంటిక్ దారి మానేసి పసిఫిక్ మీదుగా తిప్పింది చూడు, అది 15,300. అట్లాంటిక్ దారికంటే 1,400 ఎక్కువ, అయినా పద్నాలుగున్నర గంటల్లో ముందే చేరిపోయింది! పైన జెట్ స్ట్రీమ్ అని పడమర నుంచి తూర్పుకి గట్టి గాలి, తూర్పుకి పోతే వెనకనుంచి తోస్తుందట. "చుట్టూ తిరిగితే త్వరగా చేరడం ఏమిట్రా" అని మావయ్య కొట్టిపారేశాడు. నువ్వు గోపాల్‌పూర్ అని చెప్పి ఛత్రపురం మీదుగా తిప్పిన రోజు గుర్తొచ్చింది నాకు, మనకి ఏ గాలీ తొయ్యలేదు!

ధ్రువం దారి కూడా ఉత్త మాట కాదురా. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా పైలట్ జోయా అగర్వాల్ వాళ్ళు అందరూ ఆడవాళ్ళే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి విమానాన్ని అటు మీదుగానే తెచ్చారు, అందులో పాపగారి తన్మయి మన తెలుగమ్మాయే. ఇది చెప్పాకే అమ్మకి కాస్త ధైర్యం వచ్చింది.

విమానంలో భోజనం ట్రే తెచ్చినప్పుడల్లా అమ్మ చెయ్యి అడ్డం పెట్టి నీళ్ళే అడిగిందట. పక్కావిడ పాపం డాక్టర్ని పిలవాలా అని కంగారుపడిందట. దిగీ దిగగానే ఫోన్, "ఒరే, ఇక్కడింకా ఏకాదశేరా, కాళ్ళు తేలిపోతున్నాయి". మావయ్య పంచాంగం విప్పాడు. తిథి చంద్రుణ్ణిబట్టి కదా, ఊరు మారితే అది ఆగదు, మన మధ్యాహ్నం మూడున్నరకే ద్వాదశి వచ్చేసింది, అప్పటికి అమ్మ సముద్రం మీదుంది. శాస్త్రులుగారికి ఫోన్ చేస్తే, ఎక్కడుంటే అక్కడి సూర్యోదయమే లెక్క, అక్కడ తెల్లారేసరికి ద్వాదశే, పారణ చేసేయమన్నారు, అంటే ఉపవాసం విడిచి తినేయమని. అమ్మ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లోనే, కారు డోరు తీసి, అక్క తెచ్చిన పెరుగన్నం...

అబ్బా, నాన్న కేకలేస్తున్నారు, కొట్టు తాళాలు నా దగ్గరే ఉండిపోయాయి. మావయ్య ఆ గాలి సంగతి ఎలా ఒప్పుకున్నాడో ఆదివారం ఫోన్లో చెప్తా, ఎత్తు మరి!

నీ
రాజు