ఐస్‌లాండ్ చలికాలం టూర్: బస్సు వెనక్కి తిప్పిన గైడ్‌ని తిట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం టూరిజం పేజీలో ఐస్‌లాండ్ గురించి వచ్చినప్పుడల్లా ఆకాశంలో పచ్చటి వెలుగుల ఫోటో పెద్దది వేస్తారు, కింద ఏ రోజు ఏం చూపిస్తారో వరసగా రాస్తారు, చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ కనపడదు. చలికాలంలో అక్కడ ప్రోగ్రాం టూర్ వాళ్ళ చేతిలో ఉండదండీ, గాలి చేతిలో ఉంటుంది. ఈ ముక్క ముందే తెలియకపోవడం వల్ల మా బస్సులో ఎంత గొడవైందో కళ్ళారా చూశాను కాబట్టే ఈ ఉత్తరం.

మేం వెళ్ళింది ఫిబ్రవరి మొదటి వారంలో. పదకొండు మందిమి, ఒక మినీబస్సు, నడిపేదీ దారంతా వివరం చెప్పేదీ ఒకావిడే. పొద్దున పది కావస్తేగానీ తెల్లారదు, సాయంత్రం ఐదున్నరకి మళ్ళీ చీకటి, డిసెంబర్‌లో అయితే వెలుతురుండేది నాలుగైదు గంటలేనట. మొదటి రోజు భూమి ప్లేట్లు ఏడాదికి రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్న థింగ్‌వెట్లిర్ లోయ, కొన్ని నిమిషాలకోసారి వేడినీళ్ళు ఎగజిమ్మే స్ట్రోక్కుర్ చూశాం, వీటి గురించి మీ పేజీలోనే చాలాసార్లు వచ్చింది కాబట్టి వదిలేస్తున్నా.

నేను చెప్పాలనుకున్నది రెండో రోజు గురించి. వీక్ ఊరి దగ్గర రేనిస్‌ఫ్యారా అని నల్ల ఇసుక బీచ్ ఉంది, లావా చల్లారి ఏర్పడిన రాతిస్తంభాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు కొండకి ఆనుకుని ఉంటాయి, ఫోటోలకి అందరూ అక్కడికే పరిగెడతారు. దారి మొదట్లోనే హెచ్చరిక లైటు ఉంటుంది, ఆ రోజు ఎర్రది వెలుగుతోంది. గైడ్ మమ్మల్ని కిందికి దిగనివ్వలేదు, ఎత్తు మీద నుంచే చూడమంది. ఏంటమ్మా సముద్రం ఇంత దూరంలో ఉంటే అని ఒకాయన విసుక్కున్నాడు కూడా. నిజంగానే ఓ పది నిమిషాలు అలలు మామూలుగా వచ్చి పోతున్నాయి, ఇసుక పైభాగం పొడిగా ఉంది, నాకూ అనిపించింది దిగితే ఏమవుతుందిలే అని. అంతలో ఒక అల, ముందు వాటికంటే పెద్దగా ఏం కనపడలేదు, కానీ ఆగాల్సిన చోట ఆగలేదు, అలా పైపైకి వచ్చి రాతిస్తంభాల మొదట్లో కొట్టి, వెనక్కి పోతూ గులకరాళ్ళన్నిటినీ గరగరమని లాక్కుపోయింది, ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒడ్డు దాటగానే సముద్రం లోతు ఒక్కసారిగా పెరిగిపోతుందట, అందుకే అల బలం తగ్గకుండా అలాగే వచ్చి పడుతుంది. అక్కడ టూరిస్టులు కొట్టుకుపోయి చనిపోయిన సంఘటనలు ఒకటి కాదు. మేం నిలబడదామనుకున్న చోటు కళ్ళముందే నురగలో మునిగిపోతే ఇంక ఎవరూ నోరు మెదపలేదు.

అయినా మర్నాడు మళ్ళీ మొదలు. వీక్ నుంచి తూర్పుకి వెళ్ళే రోడ్డు గాలి వల్ల మూసేశారు, ఆ రోజు చూడాల్సిన మంచు గుహ క్యాన్సిల్ అంది గైడ్. అంతే, ఒకరిద్దరు గట్టిగా అరిచారు, ఇంత డబ్బు కట్టింది హోటల్లో కూర్చోవడానికా, పక్కదారిలో తీసుకెళ్ళు అని. ఆవిడ ఓపిగ్గా చెప్పింది, వేరే దారి లేదు, గేటు దాటి వెళ్ళి ఇరుక్కుంటే అర్ధరాత్రి మనల్ని బయటికి తీసేది జీతం తీసుకునే వాళ్ళు కాదు, వాలంటీర్లు, ఎవరి ఉద్యోగాలు వాళ్ళు చేసుకుంటూ పిలిస్తే వచ్చే ఊరి జనం అని. నాకైతే ఆ మాటకి సిగ్గేసింది. మంచు గుహ సంగతి కూడా తేలిక కాదండీ, 2024 ఆగస్టులో బ్రేదామెర్కుర్‌యోకుల్ అనే హిమానీనదం దగ్గర మంచు కూలి ఒక టూరిస్టు చనిపోయాడు.

ఆ తర్వాత రోజు రోడ్డు తెరిచారు గానీ గుహ దాకా వెళ్ళొచ్చే టైం లేదు, ఎల్డ్‌హ్రౌన్ అనే లావా మైదానం దాకా వెళ్ళాం. నిజం చెప్తున్నా, మొత్తం టూర్‌లో నాకు మనసులో నిలిచిపోయింది అదే. 1783లో లాకి అనే అగ్నిపర్వతం దగ్గర నేల పొడవునా చీలి ఎనిమిది నెలల పాటు లావా పారింది, విషవాయువులకి గడ్డి పాడై సగానికి పైగా పశువులు చచ్చిపోయాయి, ఆ కరువులో దేశం జనాభాలో ఐదోవంతు మంది పోయారు. ఆ లావా మీదే ఇప్పుడు నాచు. గైడ్ గ్లౌజుతో మంచు పక్కకి తోసి చూపించింది, బూడిదరంగులో జానెడు మందాన మెత్తగా పరుపులా ఉంది, నీళ్ళు తగిలిన చోట మాత్రం పచ్చగా తేలింది. దాని మీద ఒక్క అడుగు పడితే ఆ గుంట ఏళ్ళ తరబడి అలాగే ఉంటుందట. రెండొందల ఏళ్ళకి పైగా పట్టిన పని అది, ఫోటో కోసం తొక్కేస్తే ఎలా చెప్పండి.

ఇంకో సంగతి. గ్రిండవిక్ అనే ఊరిని అగ్నిపర్వతం పేలే ప్రమాదం ఉందని 2023 నవంబర్ 10 రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. 2024 జనవరి 14న లావా ఊళ్ళోకొచ్చి మూడిళ్ళు కాలిపోయాయి, కానీ ముందే జనాన్ని పంపించేశారు కాబట్టి ఆ ఇళ్ళలో మనుషుల్లేరు. పొమ్మంటే పోవడం, ఆగమంటే ఆగడం అక్కడి వాళ్ళకి అలవాటు. టూరిస్టులం మనమే బేరాలాడతాం.

అందుకని నా విన్నపం, ఇకమీద ఐస్‌లాండ్ వ్యాసం వేసినప్పుడు ఫోటో కాస్త చిన్నదైనా పర్లేదు, పక్కన ఒక బాక్స్ కట్టి ఇవి వెయ్యండి: డబ్బు కట్టేముందే రోడ్డు మూస్తే వాపసు ఎంతో రాతపూర్వకంగా అడగాలని, రోజూ పొద్దున వాతావరణ శాఖ పసుపు, ఆరెంజ్, ఎరుపు హెచ్చరికలు చూసుకోవాలని, ఎమర్జెన్సీ నంబర్ 112 అని. మంచులో ఎప్పుడూ బండి నడపని వాళ్ళు సొంతంగా కారు అద్దెకి తీసుకోవద్దని కూడా గట్టిగానే రాయండి. ఆ గాలికి కారు డోర్ తెరవడానికే రెండు చేతులు కావాలి, చెయ్యి జారితే డోర్ వెనక్కి విరిగిపోతుంది, చాలా ఇన్సూరెన్సుల్లో దానికి డబ్బు రాదు.

ఇట్లు
మీ పాఠకురాలు