ట్రాక్టరు స్ప్రేయరుకు లీటరు లెక్క చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ వ్యవసాయ పేజీని ఏళ్ల తరబడి కత్తిరించి దాచుకుంటున్నవాణ్ణి. అందులో ఏ పురుగుకైనా, ఏ తెగులుకైనా మందు మోతాదు ‘లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు’ అన్న తీరులోనే ఉంటుంది. వీపున పంపు తగిలించుకుని కొట్టినన్నాళ్లూ ఆ లెక్కతో నాకు ఇబ్బంది రాలేదు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పట్టేవి, 400 మిల్లీలీటర్ల మందు చేలో పడేది.

ట్రాక్టరుకు బూమ్ స్ప్రేయరు (అడ్డంగా చాచిన బూమ్ అనే కడ్డీకి వరసగా నాజిళ్లు, అంటే మందు చిమ్మే మూతులు, ఉండే యంత్రం) బిగించాక కూడా అదే లెక్కన ట్యాంకులో కలిపాను. పురుగు చావలేదు. మందు కల్తీదేమోనని అనుమానపడి, వారం తిరక్కుండా మళ్లీ కొట్టాను. తప్పు మందుది కాదని తెలిసింది, స్ప్రేయరును ఉత్త నీళ్లతో కొలిచి చూసిన రోజున.

నా బూమ్ వెడల్పు 8 మీటర్లు. అర మీటరుకొకటి చొప్పున 16 నాజిళ్లు. చేలోనే 100 మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతాను. రోడ్డు మీద కొలిస్తే వేగం వేరేగా వస్తుంది. ట్యాంకు సగం నింపి, పీటీఓ (స్ప్రేయరు పంపును తిప్పే ట్రాక్టరు షాఫ్టు) నిమిషానికి 540 చుట్లు తిరిగే రేసు పెట్టి, ఆ దూరం 60 సెకన్లలో దాటే గేరు వెతికాను. తరవాత బండి ఆపి, అదే రేసులో, 3 బార్ల ప్రెషర్ మీద ఒక్కో నాజిల్ కింద కొలపాత్ర పెట్టి నిమిషం సేపు పట్టాను. ఒకటి తప్ప అన్నీ 0.8 లీటరు పోశాయి. 8 మీటర్ల వెడల్పున ఎకరం కావాలంటే ట్రాక్టరు 506 మీటర్లు నడవాలి, అంటే 5 నిమిషాలు. ఆ కాస్తలో 16 నాజిళ్లూ కలిసి పోసేది 65 లీటర్లు. లీటరుకు 2 చొప్పున 130 మిల్లీలీటర్లే! పడాల్సిన మందులో మూడో వంతు. రెండుసార్లు కొట్టినా పూర్తి మోతాదు పడలేదన్నమాట.

ఆ మిగిలిన ఒక్క నాజిల్ నిమిషానికి లీటరు దాటి పోసింది. విప్పి వెలుతురుకు పెట్టి చూస్తే చీలిక అంచు ఒకపక్క చెక్కుకుపోయి ఉంది. నలక అడ్డుపడినప్పుడు గుండుసూదితో పొడిచాను, దాని ఫలితమది. ఇప్పుడు పాత పళ్ల బ్రష్షుతోనే తుడుస్తున్నాను. కొత్తదానికన్నా 10 శాతం ఎక్కువ పోసే నాజిల్‌ను మార్చేయాల్సిందే.

నీళ్లు చాలడం లేదని ప్రెషర్ పెంచేవాళ్లను చాలామందిని చూస్తున్నాను. ధార రెట్టింపు కావాలంటే ప్రెషర్ నాలుగింతలు చేయాలి. అప్పుడు చుక్క పొగమంచులా చితికి గాలికి పక్క చేలో పడుతుంది. గేరు తగ్గించుకోవడమో, పెద్ద నాజిల్ వేసుకోవడమో మేలు. పచ్చిక మైదానంలో కలుపు మందు కొట్టేవారికి బూమ్ ఎత్తు కూడా ముఖ్యమే. అర మీటరు దూరాన ఉన్న, 110 డిగ్రీల కోణంలో చిమ్మే నాజిళ్లకు అర మీటరు ఎత్తు కావాలి, అదీ గడ్డి కొసల నుంచి. దించితే చారలు పడి వారాల తరబడి కనిపిస్తాయి.

నా మనవి ఒక్కటే. మోతాదు రాసేటప్పుడు లీటరు లెక్క పక్కనే ఎకరానికి ఎంత మందు పడాలో, కనీసం ఎన్ని నీళ్లు కావాలో కూడా అచ్చు వేయండి. డబ్బా లేబుల్ మీద ఉంటుంది నిజమే, కానీ ఆ సన్నక్షరాలు చేలో నిలబడి చదవడం మాకు కష్టం.

ఇట్లు,
ఒక రైతు