డ్రైవర్ల మెడ కూడా కొలవండి

సంపాదకుడు గారికి,

అర్ధరాత్రి దాటాక హైవేల మీద పోలీసులు లారీలు ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగిస్తున్నారు. మంచి పనే. కానీ చన్నీళ్లతో వచ్చే మెలకువ కాసేపే ఉంటుంది. డ్యూటీల వల్ల నిద్ర చాలని వాడికి ఆ కాసేపు చాలు, బండి పక్కకు పెట్టి కునుకు తీయొచ్చు. ఎనిమిది గంటలు పడుకుని లేచినా స్టీరింగ్ మీద తూలే డ్రైవరు సంగతి వేరు. అతనికి నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండవచ్చు. అదే స్లీప్ ఆప్నియా.

దీన్ని పట్టేది పక్కన పడుకున్నవాళ్లే. జోరుగా సాగుతున్న గురక ఉన్నట్టుండి ఆగుతుంది. ఛాతీ, పొట్ట ఎగిసిపడుతుంటాయి గానీ ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలదు. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి ముప్పై. తర్వాత ఉక్కిరిబిక్కిరై పెద్దగా ఊపిరి లాగి, అటూ ఇటూ మెసిలి, మళ్లీ గురక. ఇలా ఊపిరి ఆగడం, బాగా తగ్గడం గంటకు 30 సార్లు దాటితే జబ్బు తీవ్రమైనట్టు. అంటే రెండు నిమిషాలకోసారి మెదడు ఉలిక్కిపడుతుందన్నమాట. పొద్దున అతనికి అదేదీ గుర్తుండదు. ఇంట్లోవాళ్లేమో హాయిగా గుర్రు పెట్టి నిద్రపోయాడనుకుంటారు! లేవగానే తలనొప్పి, నోరెండిపోవడం, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం, ఎన్ని మాత్రలు మార్చినా దిగని బీపీ ఉంటే అనుమానించాల్సిందే. ఆడవాళ్లలో గురక కన్నా నీరసం, నిద్రపట్టకపోవడం ముందు కనిపిస్తాయి కాబట్టి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

వెల్లకిలా పడుకుంటే నాలుక, అంగిలి వెనక మెత్తటి భాగం జారి గొంతుకు అడ్డం పడతాయి. పక్కకు తిరిగితే కొందరికి సగానికి సగం తగ్గుతుంది. టీషర్టు వీపున, భుజాల మధ్య జేబు కుట్టించి టెన్నిస్ బంతి పెట్టుకుంటే వెల్లకిలా తిరగగానే ఒత్తుకుని మళ్లీ పక్కకు తిరుగుతారు. తల ఎత్తుగా ఉండాలని రెండు దిండ్లు వేసుకోవడం మాత్రం పొరపాటు. మెడ ముందుకు వంగి గాలి దారి ఇంకా ఇరుకవుతుంది. దానికన్నా మంచం తలవైపు కోళ్ల కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల దిమ్మలు పెట్టడం నయం. పడుకోబోయే ముందు మద్యం, డాక్టరు చెప్పని నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. జబ్బు ముదిరినవాళ్లకు ఈ చిట్కాలు సరిపోవు, మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీపాప్ యంత్రం కావాలి.

రవాణా వాహనాల లైసెన్సుకు డాక్టరు సంతకం చేసే ఫారం 1ఎలో చూపు, రంగులు, చెవుడు, రేచీకటి అన్నీ ఉన్నాయి. పాతిక మీటర్ల నుంచి నంబరు ప్లేటు చదవగలడా అని కూడా ఉంది. నిద్ర ఊసు లేదు. దానికి ఎనిమిది ప్రశ్నల స్టాప్-బ్యాంగ్ జాబితా జత చేస్తే చాలు: గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 35 పైన, వయసు 50 పైన, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్ల పైన, మగవాడా. ఐదుకు అవునంటే ముప్పు ఎక్కువ, స్లీప్ టెస్టుకు పంపాలి. దర్జీ టేపు, బరువు తూచే మిషను, బీపీ మిషను ఉంటే ఐదు నిమిషాల పని. చిన్న దవడ ఉంటే సన్నటివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది కాబట్టి లెక్క తక్కువ వచ్చినా డాక్టరు ఒకసారి నోరు తెరిపించి చూడాలి. గురక సంగతి డ్రైవర్ని అడిగితే లేదనే అంటాడు, క్లీనర్ని అడగండి.

ఒక్క షరతు. జబ్బు తేలగానే లైసెన్సు ఊడుతుందంటే ఎవరూ నిజం చెప్పరు. చికిత్స కుదిరేదాకా పగటి డ్యూటీయో, డిపోలో పనో జీతం తగ్గకుండా ఇవ్వాలి. యంత్రం వాడుతున్నాడా లేదా అన్నది అతని మాట మీద నమ్మనక్కర్లేదు. రాత్రికి ఎన్ని గంటలు పెట్టుకున్నాడో సీపాప్‌లోనే నమోదవుతుంది. రోజుకు నాలుగు గంటలకు తగ్గకుండా వాడుతూ, పగటి మత్తు పోయిందని డాక్టరు రాసిస్తే రాత్రి బండి మళ్లీ ఇవ్వొచ్చు.

– ఊపిరితిత్తుల వైద్యుడు, సూర్యాపేట