చాంబర్ పని చేయించుకున్న 11 బండ్ల వాళ్ళు ఒకసారి రండి

మా షెడ్డుకు వచ్చే అన్నలందరికీ నమస్కారం. సంక్రాంతి తర్వాత మా దగ్గర ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి బిగించిన బండ్లు 11 ఉన్నాయి. ఆ పనిలో మేం చేసిన పొరపాటుకు వాటి ఇంజిన్‌కు ఆయిల్ సరిగా అందకపోవచ్చు. ఏడుగురికి ఫోన్ చేసి చెప్పినా. నలుగురి నంబర్లు కలవలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. తప్పు మాదే.

పోయిన నెల రాయచోటి నుంచి ఒక పెద్దాయన 1.3 డీజిల్ బండి తెచ్చినాడు. "గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు మొదలైంది నాయనా, టకటక అంటానే ఉంది" అన్నాడు. మా పిల్లోడు విని ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) అన్నాడు. వాణ్ణి తప్పు పట్టలేను. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజెక్టర్ కొట్టేదీ రెండు చుట్లకు ఒకసారే. వాల్వుల సౌండుదీ, ఇంజెక్టర్ సౌండుదీ ఒకే తాళం. ఒక్కొక్క ఇంజెక్టర్ కరెంట్ ప్లగ్గు పీకి చూసినాం, ఇంజెక్టర్‌దే అయితే దాని ప్లగ్గు పీకగానే సౌండు ఆగాలి, ఏది పీకినా టకటక పోలేదు. అంటే పైన వాల్వుల కాడిది. పాత జీపుల మాదిరి డీజిల్ పైపు నట్టు వదులు చేసి చూద్దామని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. కామన్ రైల్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ పంచే పైపులో) డీజిల్ వందల బార్ల ఒత్తిడిలో ఉంటుంది, తగిలితే చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది.

ఆ ఇంజిన్‌లో 16 వాల్వులు, 16 రాకర్లు. ఒక్కో రాకర్ వేలంత ఉంటుంది. ఒక కొన హైడ్రాలిక్ టాపెట్ మీద, ఇంకో కొన వాల్వు మీద కూర్చుంటుంది. నడుమ రోలర్, దాన్ని క్యామ్ తొక్కుతుంది. మారుతి 800లో మాదిరి స్క్రూ, నట్టు తిప్పి రాకర్‌కు, వాల్వుకు మధ్య గ్యాప్ పెట్టే పని లేదు. టాపెట్‌లోకి ఆయిల్ నిండి గ్యాప్ దానంతట అదే సర్దుకుంటుంది. ఆయిల్ అందకపోతే గ్యాప్ వస్తుంది, తొక్కాల్సిన క్యామ్ సుత్తి మాదిరి కొడుతుంది.

విప్పి చూస్తే రెండు రాకర్ల రోలర్లు వేళ్ళ మధ్యనే ఊగుతున్నాయి. ఒకదాని పిన్ను వేడికి నీలం తిరిగింది. వాటి కింది టాపెట్లు బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగిపోయినాయి. ఆ నాలుగూ మార్చినాం, సౌండు పోయింది, బిల్లు రాసినా. పైగా "ఆయిల్ లేటుగా మార్పిస్తున్నట్టున్నారు పెద్దాయనా" అని నీతులు కూడా చెప్పినా. "మీ కాడనే కదప్పా మార్పిచ్చేది" అన్నాడు. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

18 రోజులకు బండి మళ్ళీ వచ్చింది. అదే టకటక. ఈసారి, ముందే చేయాల్సిన పని చేసినా. ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి ఆ సందులో ప్రెషర్ కొలిచే గేజ్ పెట్టినా. చల్లగా ఉన్నప్పుడు ముల్లు బాగానే లేచింది. ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌కు వచ్చేసరికి 1 బార్ కూడా లేదు. డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగలేదే అంటారేమో, అది ప్రెషర్ దాదాపు పూర్తిగా పడిపోతే గానీ వెలగదు.

చాంబర్ దించినాం. ఆయిల్ పీల్చే జల్లెడ సగానికి పైగా మూసుకుపోయి ఉంది. నల్లటి మడ్డి, దాంట్లో ఎర్రెర్రగా వానపాముల మాదిరి ముక్కలు. చాంబర్ అంచున ఆయిల్ కారకుండా పూసే ప్యాకింగ్ పేస్ట్ అది. రిజిస్టర్ తిరగేస్తే, ఫిబ్రవరిలో ఆయన చాంబర్ లీకు ఆపింది మేమే, ఆ ఎర్ర పేస్టూ మాదే. జిలేబీ పిండి మాదిరి ధారాళంగా పిండి బిగించినాం. బయటికి ఉబ్బింది తుడుస్తాం, లోపలికి ఉబ్బింది ఎవరు చూస్తారు? అది తెగి ఆయిల్లో పడింది, జల్లెడకు అడ్డం పడింది, పైన రాకర్లు అరిగినాయి.

మొదటి లేబర్ వాపసు ఇచ్చేసినా. రెండోసారి జల్లెడ, రాకర్లు, టాపెట్లు, ఆయిల్, ఫిల్టర్ అన్నీ మా ఖర్చే. టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) ఇరుసు వదులు కాలేదు, ఆ మటుకు బతికిపోయినాం. బండి తీసుకుపోయేదానికి వచ్చినప్పుడు ఆయన గువ్వలచెరువు పాలకోవా తెచ్చినాడు. తినేదానికి మొహం చెల్లలేదు. అయినా తిన్నాం లెండి.

ఆ 11 బండ్ల వాళ్ళకు గేజ్ పెట్టి చూడటం ఉచితం, అరగంట పని. ప్రెషర్ తక్కువుంటే చాంబర్ దించి శుభ్రం చేస్తాం, ఆయిల్, ఫిల్టర్‌తో సహా మీ నుంచి రూపాయి తీసుకోం. సౌండు లేదు కదా అని ఊరుకోవద్దు. పెద్దాయన బండిలోనూ మూడు నెలలు ఏ సౌండూ లేదు.

మిగతావాళ్ళు కంగారు పడొద్దు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు టకటకమని ఆగిపోతే అది రాత్రి టాపెట్లలో ఆయిల్ జారడం వల్ల, దానికి రావద్దు. వేడెక్కినా ఆగకపోతే రండి. టకటకతో పాటు బండి వణికి ఒక సిలిండర్ పనిచేయకపోతే సెల్ఫ్ కొట్టి కొట్టి చూడొద్దు. రాకర్ జారి ఉండొచ్చు, కట్టి లాక్కు రండి. మారుతి 800, ఓమ్ని వాళ్ళు టాపెట్ సెట్టింగుకు సాయంత్రమే బండి వదిలిపోవాలి. ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే రేకు) మేం చల్లని ఇంజిన్ మీదే పెడతాం, మన కడప ఎండకు మధ్యాహ్నం ఆపిన బండి సాయంత్రానికి కూడా చల్లారదు.

ఇంకో మాట. టాపెట్ సౌండుకు ఎంతవుతుందని ఫోన్లో అడిగితే ఇకమీదట రేటు చెప్పను. గేజ్ చూసినాకే చెప్తా. కొందరు వేరే షెడ్డుకు పోతారు, తెలుసు.

బిల్లు పోయినా ఫర్వాలేదు, బండి నంబర్ రిజిస్టర్లో ఉంది. శుక్రవారం మాత్రం మా పిల్లోడు నమాజుకు పోయొస్తాడు, 2:30 తర్వాత రండి.