సాగు చేసే వారికి సాయం ఏది? వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

కౌలు రైతుల తరఫున మేము ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే ఈ మాటలు నలుగురి ముందూ చెప్పవలసి వస్తోంది.

పీఎం కిసాన్ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా అందుతున్నాయి. అయితే భూమి రికార్డుల్లో పేరున్న కుటుంబాలకే ఆ అర్హత ఉంది. విత్తనాలకు, ఎరువులకు, కూలీలకు ఖర్చు పెట్టి, పంట పోతే నష్టమంతా మోసే కౌలుదారుకు అందులో చోటు లేదు. పైగా అతడు కౌలు కూడా చెల్లించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల సాగు పత్రానికి వీలు కల్పించింది. దానికి భూయజమాని సంతకం కావాలి. భూమి చేజారుతుందన్న భయంతో సంతకానికి వెనుకాడే యజమానులు ఎందరో. ఆ భయాన్ని తప్పుపట్టలేము, కానీ దాన్ని పోగొట్టవలసింది ప్రభుత్వమే. పత్రం లేని రైతుకు బ్యాంకులో పంట రుణం పుట్టడం కష్టం. వడ్డీ వ్యాపారి గడప తొక్కక తప్పదు. అప్పులు తాళలేక అతడు ప్రాణం తీసుకుంటే, అతడు రైతేనని నిరూపించే భారం భార్య మీద పడుతుంది. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా, గ్రామసభలో విచారించి సాగుదారుల జాబితా తయారు చేయించండి. పెట్టుబడి సాయం, పంట నష్టపరిహారం ఆ జాబితా ప్రకారమే ఇవ్వండి. పీఎం కిసాన్ నిబంధన మార్చాలని కేంద్రాన్ని కోరండి. వచ్చే ఖరీఫ్‌కు ముందే మీ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా ప్రకటించాలని మా డిమాండ్.

ఇట్లు,
కౌలు రైతుల పక్షాన ఒక పౌరుడు