జయంతికి బంగారు రంగు పూయడం ఆపండి

ఎడిటర్ గారికి,

మా చౌరస్తాలో ఒక నాయకుడి కంచు విగ్రహం ఉంది. పేరు రాయను, రాస్తే గొడవ ఇంకో దారి పడుతుంది. మొన్న ఆయన జయంతికి రెండు రోజుల ముందు ఇద్దరు కుర్రాళ్లు నిచ్చెన వేసుకుని ఎక్కి, కనీసం నీళ్లతో కడగకుండా, తలమీది పావురాల రెట్ట మీదే బంగారు రంగు కొట్టేశారు. కళ్లజోడు, కనుబొమ్మలు, జేబులో పెన్ను అన్నీ ఒకే ముద్ద. ఇదేంటి బాబూ అంటే "మెరవాలని చెప్పారు సార్" అన్నారు.

కంచుకు రంగు అక్కర్లేదండీ. గాలికీ తేమకీ అది మెల్లగా గోధుమ రంగుకో ఆకుపచ్చకో తిరుగుతుంది, గట్టిగా అంటుకుని ఉండే ఆ పొరే లోహానికి కాపలా. భయపడాల్సింది వేలితో రాస్తే పొడిపొడిగా రాలే పాలిపోయిన ఆకుపచ్చ చిలుముకి, అది లోపలికి తినేస్తూ పోతుంది, దాని మీద పెయింట్ వేస్తే కింద ఏం జరుగుతోందో కనపడదు కూడా. అలాగని మా అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పట్టించినా తప్పే, ఆ పులుపుకి మంచి పొర కూడా ఊడిపోతుంది. పక్షుల రెట్టదీ అదే గుణం, పాలాభిషేకం చేసి వదిలేస్తే పులిసిన పాలదీ అదే గుణం (అభిమానులు కోప్పడొద్దు, పాలు పోశాక రెండు బిందెల నీళ్లు కూడా పోయండి, అంతే). దండలు కూడా మర్నాడే తీసేయాలి, కుళ్లేదాకా ఉంచకూడదు.

చేయాల్సిన పని చిన్నదే. మంచినీళ్లు, ఘాటు లేని సబ్బు, మెత్తటి బ్రష్షుతో కడిగి, బాగా ఆరాక పల్చగా మైనం రాసి గుడ్డతో రుద్దాలి, ఏడాదికోసారి వానలకు ముందు చేస్తే చాలు. సిమెంటు విగ్రహాల సంగతి వేరు, వాటికి రంగు కావాలి, లేకపోతే పగుళ్లలో నీళ్లు దిగి లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బి ఏదో రోజు చెయ్యి ఊడి పడుతుంది. ముందు అది కంచా సిమెంటా అని చూసి కదా డబ్బా మూత తీయాలి!

ట్యాంక్‌బండ్ మీద 1980ల్లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా వరసగా నిలబెట్టిన నన్నయ, మొల్ల, వేమన, శ్రీశ్రీల విగ్రహాలు చూడనివాళ్లు తక్కువ. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు వాటిలో కొన్ని పగిలాయి, కొన్ని హుస్సేన్‌సాగర్‌లో పడ్డాయి, తర్వాత మళ్లీ పెట్టారు, ఆ కథ అందరికీ తెలుసు. పావురాలు, పొగ, చిలుము రోజూ కొంచెం కొంచెం చేసే నష్టం మాత్రం ఏ పేపర్లోనూ రాదు, మీ పేపర్‌తో సహా.

ప్రతి దిమ్మె మీదా ఆవిష్కరించినవారి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. దాని కింద శిల్పి పేరు, ఏ లోహం, చివరిసారి ఎప్పుడు కడిగారు అని ఇంకో రెండు లైన్లు రాయించమని సంబంధిత అధికారులను కోరుతున్నాను. మా చౌరస్తాలో చెవి దగ్గర రంగు అప్పుడే పెచ్చులు లేస్తోంది, వచ్చే జయంతికి దాని మీదే ఇంకో కోటు పడకముందే ఎవరైనా వచ్చి చూస్తే బాగుండు.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్